బుట్టలో ఏడో కోడి

మొన్న మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కోబోతుంటే పద్మ ఫోన్ చేసింది. పద్మ మా తమ్ముడి కూతురు. మందసకి ఈవల ఉన్న మా పుట్టింట్లోనే ఉంటుంది. "అత్తా, మా ఊర్లో కోళ్లకి తెగులు తగిలినాది. ఎదురింటోలివి నిన్న రెండు పోనాయి, ఈ పొద్దు మూడు పోనాయి. మావింకా బాగున్నాయి. రేపు పొద్దున్నే ఆటోలో అట్టుకొచ్చి నీకాడ ఒగ్గీసి ఎల్లిపోతాను. నీ తోటలోనైతే బతుకుతాయి" అంది. నేను ఊఁ అన్నానో ఉహూఁ అన్నానో నాకే తెలీదు. అది ఫోన్ పెట్టేసింది. చేతికి అంటుకున్న మెతుకులు ఎండి బిగుసుకుపోయేదాకా నేను కుళాయి దగ్గరే నిలబడి ఉన్నాను.

నేను పుట్టు పిరికిదాన్ని. ఉరిమితే చెవులు మూసుకుంటాను, ఆవు ఇటు తిరిగితే నేను అటు తిరుగుతాను. పలాస బళ్లో ముప్పై ఏళ్లు పిల్లల చేత ధైర్యం మీద వ్యాసాలు రాయించి, ఆ వ్యాసాలు ఇంటికి తెచ్చుకుని, తలుపు గడియ రెండుసార్లు చూసుకుని దిద్దుకున్నాను. ఆ పిరికితనాలన్నీ నవ్వుకోవడానికి పనికొచ్చేవి. పద్మ మాట విన్నాక పట్టుకున్న భయం ఆ రకం కాదు. అది నా పదకొండో ఏట నాలో దూరింది. అప్పుడు నా నెత్తిమీద ఒక బుట్ట ఉంది. ఆ బుట్ట కూడా మా పుట్టింటి నుంచే, ఇలాగే తెగులు వచ్చినప్పుడు, ఇలాగే ఒక మేనత్త ఇంటికి బయలుదేరింది.

ఉద్యోగం అయిపోయాక సోంపేట దారిలో అరెకరం తోట కొనుక్కున్నాను. కొబ్బరి, జీడి, గట్టున నాలుగు మునగచెట్లు. అందులో ఇరవై మూడు కోళ్లు తిరుగుతాయి. బస్తాల మేత కొనను, పంజరంలో పెట్టను. పొద్దున్నే గూడు తలుపు తీసేస్తే పొద్దుగూకే వరకు ఎండుటాకులు కెలుక్కుంటూ వాటి తిండి అవే చూసుకుంటాయి. సాయంత్రం గుప్పెడు నూకలు చల్లుతాను, అది వాటి కడుపు కోసం కాదు, గూటికి రమ్మని పిలవడం కోసం. పశువుల డాక్టరు వచ్చి కళ్లలో చుక్కల మందు వేసి వెళ్తాడు. అది పాత తెగులుకి మందు. ఇప్పుడు తిరుగుతున్నది పాతదో కొత్తదో అతనికే సరిగ్గా తెలీదు. ఈ ఇరవై మూడింటినీ పెట్టుకుని ఆ బుట్ట దించుకోవాలా, గేటు దగ్గరే తిప్పి పంపాలా? ఆ మధ్యాహ్నం నుంచి నా ఎదురుగా కూర్చున్న ప్రశ్న అదే. నాకు కోళ్ల గురించి తెలిసిందంతా నేర్పిన మనిషి ఆ ప్రశ్నకి ఏం జవాబు చెప్పిందో నేను కళ్లారా చూశాను. అందుకే అంత భయం.

ఆ మనిషి నర్సత్త. మా నాన్నకి అక్క, అసలు పేరు అప్పలనరసమ్మ. సముద్రం వైపు జీడితోటల మధ్య ఊళ్లో రెండు గదుల తాటాకిల్లు, ఇంటి వెనక ఇసుక పెరడు ఆవిడవి. భర్త చిన్నతనంలోనే పోయాడు, పిల్లలు లేరు. పక్కింట్లో ఉండే మరిది తన పంచన ఉండమనేవాడు. మా నాన్న మా ఇంటికి వచ్చెయ్యమనేవాడు. ఇద్దరికీ ఒకటే సమాధానం. "నా కోళ్లున్నంత కాలం నాకెవుడి సూరూ అక్కర్నేదు" అనేది. అది ఉత్త గొప్ప కాదు. ఆవిడ ఉప్పూ పప్పూ కిరసనాయిలూ అన్నీ ఆ ముప్పై కోళ్ల కాళ్ల కిందనుంచే వచ్చేవి. ఆఖరికి ఆవిడ అడ్డపొగ కాల్చే చుట్టలు కూడా. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని, పొగ ఎటు పోతుందో తెలీకుండా, అలాగే మాట్లాడుతూ అలాగే కోళ్లని తిడుతూ తిరిగేది. చిన్నప్పుడు ఆవిడ నోరు కాలిపోతుందని నాకు భయం వేసేది.

వేసవి సెలవులకి వెళ్తే ఆవిడ వెనకే తిరిగేదాన్ని. పొద్దున్నే గూటి పలక ఎత్తగానే వెచ్చటి రెట్ట కంపు, బూడిద వాసన గుప్పుమనేవి. బయటికొచ్చే ఒక్కొక్క పెట్టనీ పట్టుకుని వెనక వేలితో నొక్కి చూసి, "నీకియ్యాల గుడ్డుంది, దొంగ సచ్చినదానా, తుప్పల్లో ఎట్టొచ్చినావంటే సూడు" అని వదిలేది. పాత కుండలో తడిపిన పేడా గడ్డీ కుక్కి పుట్ట పక్కన బోర్లించేది. మర్నాటికి దాన్నిండా చెదలు పట్టేవి. అవి దులిపితే కోడిపిల్లలకి పెళ్లిభోజనం. పొదుగు గంపలో గుడ్ల కింద ఒక ఇనుప మేకు, ఒక బొగ్గుముక్క పెట్టేది. ఎందుకత్తా అంటే, "ఉరుముకి గుడ్డులో పిల్ల బెదిరిపోద్దే. ఇనుమంటే ఉరుముకి బయం" అంది. గుడ్డులో ఉన్న పిల్లకి కూడా ఉరుమంటే భయమని తెలిశాక నాకు కొంచెం సిగ్గు తగ్గింది.

నేను చెబుతున్న ఏడు, జీడిపళ్ల కాలంలో, మా ఊళ్లో కొక్కెర తెగులు వచ్చింది. పొద్దున్న బాగా తిరిగిన కోడి మధ్యాహ్నానికి కునికిపాట్లు పడుతుంది, మెడ వంకరపోతుంది, పచ్చగా రెట్ట వేస్తుంది, చివరికి కాళ్లు చాచేస్తుంది. దానికి మావాళ్లకి తెలిసిన మందు ఒకటే, కోళ్లని ఊరు దాటించడం. తెగులంటే అమ్మవారి కోపమని, ఆ కోపానికి ఊరి పొలిమేరే హద్దని నమ్మేవారు. పొలిమేర రాయి దాటించేస్తే తెగులు వెనక్కి తిరిగిపోతుందని లెక్క. అందుకని ఆ మాట వినబడగానే ఇంటింటా అటక మీది బుట్టలు దిగేవి. ఆడవాళ్లు బాగున్న కోళ్లని ఏరి, చెల్లెలింటికో వదినగారింటికో పంపేసేవారు. ప్రేమ కొద్దీ పంపేవారు, ప్రేమ కొద్దీ దించుకునేవారు. తెగులు కూడా ఆ బుట్టల్లోనే కూర్చుని చుట్టాలిళ్లన్నీ చూసి వచ్చేదని ఎవరికీ తోచేది కాదు.

అమ్మ పద్ధతి అమ్మకి ఉండేది. వాకిట్లో గుప్పెడు నూకలు చల్లేది. పరుగెత్తుకొచ్చిన కోడి మంచిది, రానిది చెడింది. ఆ పొద్దున్న ఆరు వచ్చాయి. ఆరింటికీ కాళ్లు కట్టి బుట్టలో సర్దింది. నా చుక్కల పెట్ట రాలేదు. అది గుడ్డు పగిలిన రోజు నుంచి నా దోసిట్లో పెరిగింది. బడి నుంచి వస్తుంటే వీధి మొదటికి ఎదురొచ్చేది. ఆ రోజు రుబ్బురోలు పక్కన ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకుంది. "దానెంక సూడకు. దానికి తగిలిపోనాది" అంటూ అమ్మ బుట్ట మీద కప్పడానికి పాత చీరముక్క కోసం లోపలికి వెళ్లింది. అమ్మ తిరిగొచ్చేలోగా నేను దాన్ని ఎత్తి మిగతావాటి కింద దోపేశాను. దాని ఒళ్లు కాలిపోతోంది. కాళ్లు కట్టడానికి కూడా వ్యవధి లేదు. ఊరు దాటితే అమ్మవారి కోపం పోతుందంటున్నారు కదా, దీనికి మాత్రం ఎందుకు పోదు అనుకున్నాను. పదకొండేళ్లదానికి అంతకంటే తర్కం ఏముంటుంది.

అత్త ఊరికి దారి జీడితోటల్లోంచే. పళ్లు రాలే కాలంలో ఎలుగుబంట్లు కొండ దిగి మా ఉద్దానం తోటల్లోకి వస్తాయి. ఇప్పటికీ వస్తున్నాయి. అందుకని అమ్మ నన్ను జీడిపిక్కలు ఏరే ఆడవాళ్లతో కలిపి పంపింది. వాళ్లు డబ్బా వాయించుకుంటూ కేకలేసుకుంటూ నడుస్తున్నంతసేపూ బాగానే ఉంది. మలుపు దగ్గర వాళ్లు తోటలోకి దిగిపోయాక అత్త ఊరి దాకా ఒక అరమైలు నేనొక్కత్తినే. పులిసిన జీడిపళ్ల వాసన, ఎండుటాకుల చప్పుడు. నాకు ప్రతి పొదా ఎలుగుబంటే. నోటికొచ్చిన ఎక్కాలు అరుచుకుంటూ సగం నడక, సగం పరుగు. పదమూడో ఎక్కం మధ్యలో ఏదో తడిగా నా చెంప మీదికి కారింది. తుడుచుకుని చూస్తే పచ్చగా ఉంది. పొలిమేర రాయి దాటి అప్పటికి చాలాసేపైంది. పొదల వైపు చూసి వణికిపోతున్నాను గాని, భయపడాల్సింది నా నెత్తిమీదే ఉందని అప్పుడు తెలిసింది. వెనక్కి వెళ్దామంటే ఎలుగుబంటి, ముందుకు వెళ్దామంటే అత్త. ముందుకే వెళ్లాను.

అత్త పెరట్లో తవుడు కలుపుతోంది. నన్ను చూసి, "ఒలే గుంటా, ఒక్కద్దానివే ఒచ్చినావేటి! మీ యమ్మకి బుద్దుందేటి?" అని కేకలేస్తూనే బుట్ట దించింది. తెగులు సంగతి చెప్పాను. "పుట్టింటికాడినుంచి బుట్టొచ్చినాది" అని పక్కింటి తోడికోడలికి వినబడేలా గట్టిగా అంది. ఆ గొంతులో గర్వం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. చీరముక్క మీద చెయ్యేసి ఆగింది. నా చెంప వైపు చూసింది.

"అన్నీ బాగున్నాయా?"

నాలుక పిడచకట్టుకుపోయింది. "అన్నీ బాగున్నాయత్తా" అన్నాను.

నోట్లోంచి చుట్ట తీసి నా మొహంలోకి చూసింది. తర్వాత కొంగుతో నా చెంప తుడిచి, చీరముక్క ఎత్తింది. ఆరింటి కాళ్లకి కట్లు విప్పింది. ఏడోదానికి కట్టు లేదు. దాన్ని రెండు చేతులతో ఎత్తి నేల మీద నిలబెట్టింది, అది తూలి మళ్లీ నిలబడింది. అత్త చేతులు కొంగుకి తుడుచుకుంది. ఆవిడ కోళ్లు మెడలు చాచుకుని కొత్త చుట్టాలని చూడ్డానికి చుట్టూ మూగాయి.

మూడో రోజు పొద్దున్న చుక్కల పెట్ట పనసచెట్టు మొదట్లో బిగుసుకుపోయి ఉంది. అత్త నూతికి వెళ్లిన సందు చూసి ఇసకలో పాతేశాను. ఏడుపు కూడా రాలేదు, అంత భయం. అత్త రాగానే "నా పెట్టని ముంగిస అట్టుకెళ్లిపోనాదత్తా" అన్నాను. "ఒక్క ఈకైనా ఒగ్గనేదేటే ఆ ముంగిస?" అంది. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, "నాను కప్పెట్టనేదు" అన్నాను. కప్పెట్టావా అని ఎవరు అడిగారు గనక. అత్త బిందె దించుకుని లోపలికి వెళ్లిపోయింది.

అక్కడినుంచి ప్రతి పొద్దూ గూటి పలక ఎత్తే చప్పుడు కోసం చాప మీద బిగుసుకుని పడుకునేదాన్ని. పలక ఎత్తగానే రెక్కలు టపటపలాడితే ఊపిరి వచ్చేది. కాసేపు ఏ చప్పుడూ లేకపోతే, ఆ తర్వాత "అయ్యో నా తల్లీ" అని వినిపించేది. రెండు. నాలుగు. ఒకరోజు తొమ్మిది. పసుపూ వేపాకూ ఉల్లిపాయా నూరి గొంతుల్లో పోసింది. గూడంతా కాల్చి బూడిద చల్లింది. పిల్లల కోడి పోయాక దాని పిల్లలు చెదల కుండ చుట్టూ తిరుగుతూ అరుస్తుంటే వాటిని ఒళ్లో పోసుకుని కూర్చుంది, సాయంత్రానికి అవీ వెళ్లిపోయాయి. ఆఖరుది పొదుగు కోడి. గుడ్ల మీద నుంచి లేవకుండానే మెడ వాల్చేసింది. అత్త దాన్ని తీసి పక్కన పెట్టి గుడ్లు తడిమింది, ఇంకా వెచ్చగా ఉన్నాయి. ఇనుప మేకూ బొగ్గుముక్కా పెట్టిన చోటే ఉన్నాయి. ఆ వేసవంతా ఒక్క ఉరుము కూడా ఉరమలేదు.

వానాకాలం దాకా ఒక్కత్తే లాక్కొచ్చింది. ఆ తర్వాత ఒక ట్రంకుపెట్టె, ఖాళీ పొదుగు గంప పట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. మా చూరు కిందికి వంగి రావడం నేను కిటికీలోంచి చూశాను. అమ్మా నాన్నా ఆవిణ్ణి బాగానే చూసుకున్నారు, ఒక్క మాట అనలేదు. కాని తన ఇంట్లో కోళ్లని బూతులు తిడుతూ తిరిగిన మనిషి, మా ఇంట్లో మంచినీళ్లు ముంచుకోవడానికి కూడా "నీల్లు ముంచుకుంతన్నాను" అని చెప్పి ముంచుకునేది. అమ్మ రెండు పెట్టలు తెచ్చి పెంచుకోమంటే, "ఇది నీ వాకిలి. నీ కోళ్లే ఉండాల" అంది. ఎవరి చూరూ అక్కర్లేదన్న మనిషిని చూరు కిందికి తెచ్చింది నేనే. ఆ సంగతి ఆ ఇంట్లో నా ఒక్కదానికే తెలుసుననుకున్నాను. తెలిసిన దాన్ని కడుపులో పెట్టుకుని ఆవిడ పక్కనే అన్నం తినాలి, ఆవిడ పక్కనే పడుకోవాలి.

జడ వెయ్యడం ఆవిడ పని. మూడు పాయలు తీసి, సగం దాకా అల్లి, ఆగేది. "ఏటే గుంటా, నాతోటి ఏటైనా సెప్పాలా?" అనేది. నాకు పై ప్రాణాలు పైనే పోయేవి. "ఏటీ నేదత్తా" అనేదాన్ని. "నేకపోతే మంచిదే" అని మిగతా సగం అల్లేది. ప్రతి రోజూ కాదు, వారానికో పదిరోజులకో, నేను మరిచిపోయి నవ్వుతున్న రోజున సరిగ్గా అడిగేది. నన్ను పట్టుకోవడానికే అడుగుతోందనుకునేదాన్ని. పదమూడో ఏడు రాగానే నా జడ నేనే వేసుకుంటానని పేచీ పెట్టాను. వంకరటింకరగా వేసుకుని బడికి వెళ్లి అందరి చేతా నవ్వించుకున్నాను గాని, మళ్లీ ఆవిడ ముందు కూర్చోలేదు. నాకు ఉద్యోగం వచ్చిన ఏడు ఆవిడ పోయింది. చివరి నాలుగు రోజులూ పక్కనే ఉన్నాను. మాట నోటిదాకా వచ్చేది, మింగలేక కక్కలేక కూర్చునేదాన్ని. ఆవిడా అడగలేదు.

మొన్నటి ఫోన్ దగ్గరికి వస్తే, పద్మకి "రావద్దమ్మా" అని చెప్పడానికి నాకు ఒక పూటంతా ఉంది. ఆ రోజుల్లో కబురూ బుట్టా ఒకేసారి వచ్చేవి, ఇప్పుడు కబురు ఒక రోజు ముందొచ్చింది. ఆ రోజంతా నాకు భయపడటానికి తప్ప దేనికీ పనికిరాలేదు. ఫోన్ చేతిలోకి తీసుకోవడం, పెట్టెయ్యడం. పుట్టింటి నుంచి వచ్చే బుట్టని వద్దని ఏ నోటితో చెప్పను? చెప్పకపోతే గేటు లోపల తిరిగే ఈ ఇరవై మూడింటికీ ఏం సమాధానం చెప్పను?

పొద్దున్న ఎనిమిదింటికి ఆటో ఆగింది. పద్మ దిగింది. నలభై ఏళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. చేతిలో పెద్ద ప్లాస్టిక్ బుట్ట, మీద తడిపిన గోనె. నేను గేటు లోపలే నిలబడి, "అన్నీ బాగున్నాయా?" అన్నాను.

"అన్నీ బాగున్నాయత్తా" అంది. అంటూ కళ్లు నా మీదనుంచి తప్పించి గేటు గడియ వైపు చూసింది.

నాకు తెలిసిపోయింది. అంత తేలిగ్గా తెలిసిపోతుందని అనుకోలేదు. ఎదిగిన మనిషి మొహంలోనే అబద్ధం అంత బాహాటంగా కనబడుతుంటే, చెంప మీద పచ్చటి మరకతో నిలబడ్డ పదకొండేళ్ల పిల్ల మొహంలో నర్సత్తకి ఏం కనబడి ఉంటుంది? కాళ్లు కట్టని ఏడో కోడి చేతిలో ఉండగా ఇంకా ఏం తెలియాలి? ఆవిడకి తెలుసు. తెలిసే వదిలింది. నన్ను ఆ బుట్టతో ఎలుగుబంట్ల దారిలో వెనక్కి తరమలేకపోయిందో, తోడికోడలు చూస్తుండగా పుట్టింటి బుట్టని తిప్పలేకపోయిందో, ఈ పిల్ల పెంచుకున్న పెట్ట బతుకుతుందేమోనని ఆవిడా నాలాగే ఆశపడిందో నాకు తెలీదు. ఒకటి మాత్రం తెలిసింది. జడ సగంలో ఆపి అడిగింది నన్ను పట్టుకోవడానికి కాదు. చెప్పుకోమని. అరవై ఏళ్లు నేను పారిపోయింది ఆ ఒక్క దయ నుంచి.

బయటికి వచ్చి గేటు నా వెనక మూసేశాను. పద్మని పక్కన రాతిమీద కూర్చోబెట్టి, "ఏటే గుంటా, నాతోటి ఏటైనా సెప్పాలా?" అన్నాను.

అది భోరుమంది. "ఎర్ర పెట్ట అత్తా. పొద్దున్న నూకలకి రానేదు. దాన్నొక్కద్దాన్నీ ఒగ్గీసి రానేకపోనాను."

దాని చెయ్యి పట్టుకుని నా సంగతంతా చెప్పాను. చుక్కల పెట్ట, పచ్చటి మరక, ముంగిస, జడ. ఆటో అబ్బాయి కూడా విన్నాడు, వింటే విననీ. నేను ఆ మాటలు పైకి అనడం అదే మొదటిసారి. చెప్పడం అయ్యాక పద్మ కళ్లు తుడుచుకుని, "అయితే నర్సమామ్మ దించుకున్నాది కదత్తా" అంది. ఆ మాటలో ఆశ ఉంది. నేను దాని మొహం చూడలేక బుట్ట మీది గోనె వైపు చూశాను.

"ఎనక్కి అట్టుకెళ్లిపో తల్లీ" అన్నాను. "ఎర్రదాన్ని ఏరుగా ఎట్టు. పశువుల డాక్టరుకి ఫోన్ సెయ్యి. ఇంకెవులింటికీ అట్టుకెళ్లకు."

అది గోనె అంచులు బుట్టలోకి సర్దింది. తర్వాత బుట్ట ఎత్తుకుని, "ఎల్లొస్తాను అత్తా" అని ఆటో ఎక్కింది. కనీసం మంచినీళ్లయినా ఇవ్వలేదని ఆటో మలుపు తిరిగాక గుర్తొచ్చింది. నేను పెరటి కుళాయి కింద తలారా స్నానం చేసి, కట్టుకున్న చీర ఉడకబెట్టి, అప్పుడు గాని నా కోళ్ల దగ్గరికి వెళ్లలేదు. సాయంత్రం నూకలు చల్లితే ఇరవై మూడూ పరుగెత్తుకొచ్చాయి. నర్సత్త దగ్గర నేర్చినవన్నీ చేశాను, ఆవిడ చేసిన ఆ ఒక్కటీ తప్ప.

ఆరో రోజు పద్మ ఫోన్ చేసింది. బుట్టలో తెచ్చిన తొమ్మిదింటిలో రెండు మిగిలాయట. గొంతులో నిష్ఠూరం ఉందేమోనని చెవి రిక్కించి విన్నాను, లేదు. "నీ కోళ్లెలగున్నాయత్తా?" అని అడిగింది.

"అన్నీ బాగున్నాయమ్మా" అన్నాను. ఈసారి అది నిజమే. అయినా ఆ మాట అనేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది, చెయ్యి దానంతట అదే నా చెంప తుడిచింది.